ఒకవైపే తెరిచిన తలుపు

2021 జూన్ చివరి వారం. సెకండ్ వేవ్ తగ్గుముఖం పట్టింది, భయం మాత్రం ఇంకా తగ్గలేదు. అక్క డల్లాస్‌లో హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తోంది. తమ్ముడు గుంటూరులో ఇంటి నుంచే ఐటీ ఉద్యోగం చేస్తూ, టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంఎస్‌కు అడ్మిట్ తెచ్చుకున్నాడు. వీసా ఇంటర్వ్యూకు స్లాట్ దొరికిన రోజు ఇద్దరి మధ్య ఫోన్లో నడిచిన వాదన ఇది.

అక్క: స్లాట్ దొరికిందట కదా, అమ్మ చెప్పింది. ఎక్కడ?

తమ్ముడు: చెన్నైలో. హైదరాబాద్ స్లాట్లు తెరిచిన నిమిషంలోనే అయిపోతున్నాయి. టెలిగ్రామ్ గ్రూపులో ఎవడో చెన్నై కనబడుతోందని పెడితే వెంటనే పట్టేశాను. జులైలోనే ఇంటర్వ్యూ. ఆగస్టు మూడో వారంలో క్లాసులు. లెక్క సరిగ్గా సరిపోయింది.

అక్క: ఏ లెక్క?

తమ్ముడు: మే 4 నుంచి ఇండియాలో ఉన్నవాళ్లను అమెరికా రానివ్వడం లేదు కదా. అందులో స్టూడెంట్లకు మినహాయింపు ఇచ్చారు. ఆగస్టు 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే కోర్సయితే చాలు, మొదలవడానికి 30 రోజుల ముందు నుంచి దిగొచ్చు. కోవిషీల్డ్ రెండో డోసుకు అందరూ 84 రోజులు ఆగాలి. విదేశాలకు చదువుకోవడానికి వెళ్లేవాళ్లకు 28 రోజులు దాటితే వేస్తామని ఈ నెల 7న మార్చారు. నాకు మొదటి డోసు పడింది కాబట్టి రెండోది కూడా బయల్దేరేలోపే పడుతుంది. ఇంకేం కావాలి?

అక్క: నాకు కావాల్సింది ఒకటుంది. వీసా తెచ్చుకో, వద్దనను. ఆగస్టులో మాత్రం ఎక్కొద్దు. స్ప్రింగ్‌కు డిఫర్ చెయ్యి. జనవరిలో రా.

తమ్ముడు: ఈ మాట నువ్వు అనడం ఇది రెండో ఏడు. పోయినేడాది ఫాల్‌కే నాకు అడ్మిట్ ఉంది. నువ్వు ఆగమన్నావు, ఆగాను.

అక్క: నా మాట విని ఆగావా? 2020 మార్చి నుంచి కాన్సులేట్లలో వీసా పనులన్నీ ఆపేశారు. మన దేశం విమానాలు ఆపేసింది. ఆ ఏడాది ఆగక చేసేదేముంది? పైగా జులై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్లో అయితే స్టూడెంట్లు దేశంలో ఉండకూడదని ఆర్డరు వేశారు గుర్తుందా? ఇక్కడున్న పిల్లలు ఎలా వణికిపోయారో నేను చూశాను. లీజు రాసుకున్నవాళ్లు, కారు కొనుక్కున్నవాళ్లు, సగం కోర్సు అయినవాళ్లు.

తమ్ముడు: ఆ ఆర్డరు ఎనిమిది రోజులు కూడా దాటలేదుగా. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాయి, 14న వెనక్కి తీసుకున్నారు. దాంట్లో నీకు భయం కనబడింది, నాకు ధైర్యం కనబడింది. మన ఫీజులు లేకపోతే యూనివర్సిటీలకు గడవదు. వాళ్ల అవసరం కోసమైనా మన తరఫున కొట్లాడతారు.

అక్క: వాళ్లు కొట్లాడింది అప్పటికే లోపల ఉన్నవాళ్ల కోసం. కొత్తవాళ్ల సంగతి చూడు. కోర్సు పూర్తిగా ఆన్‌లైన్లో ఉంటే కొత్త స్టూడెంట్లను రానివ్వమన్నారు, అది మారలేదు. పోయిన ఫాల్‌లో చేరిన పిల్లలు కొంతమంది మన ఊళ్లలోనే రాత్రంతా మేలుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఫీజు డాలర్లలో, క్యాంపస్ మాత్రం వాళ్ల పడగ్గది.

తమ్ముడు: అందుకే పోయినేడాది ఆగడం మంచిదైంది, ఒప్పుకుంటాను. ఈ ఏడాది పరిస్థితి వేరు. మా డిపార్ట్‌మెంట్ క్లాసులు క్యాంపస్‌లోనే అని మెయిల్ వచ్చింది. అక్కడ పెద్దవాళ్లలో సగం మందికి పైగా టీకా పూర్తిచేసుకున్నారు. ఇక్కడ కోవిన్‌లో స్లాటు కోసం పొద్దున్నే కూర్చుంటున్నాం. కోవిడ్ భయంతో పారిపోవాలంటే నేను గుంటూరు వదిలి డల్లాస్ రావాలి, అక్కడి నుంచి ఇక్కడికి కాదు.

అక్క: కోవిడ్ వస్తుందని నేను భయపడటం లేదురా. ఇరవై నాలుగేళ్ల కుర్రాడివి, టీకా కూడా పడుతుంది. ఆ రూలులో నువ్వు ఒకవైపే చూస్తున్నావు. లోపలికి రావడానికి నీకు తలుపు తీశారు. బయటికి వెళ్లి మళ్లీ రావడానికి ఎవరికి తీశారు?

తమ్ముడు: నీ సంగతి చెబుతున్నావా?

అక్క: నా సంగతే. పాస్‌పోర్టులో నా వీసా స్టాంపు గడువు అయిపోయింది. ఉద్యోగం ఉంది, ఇక్కడ ఉండటానికి కాగితాలున్నాయి, కానీ దేశం దాటితే కొత్త స్టాంపు లేకుండా తిరిగి రాలేను. స్టాంపుకు అపాయింట్‌మెంట్ లేదు. ఉన్నా, మే 4 ఆర్డరులో స్టూడెంట్లకు ఇచ్చిన మినహాయింపు మామూలు హెచ్1బీ వాళ్లకు లేదు. ఏప్రిల్‌లో తల్లిదండ్రుల కోసం వెళ్లినవాళ్లు ఎంతోమంది అక్కడే ఇరుక్కుపోయారు. కొంతమందికి పిల్లలు ఇక్కడ, వాళ్లు అక్కడ. ఏప్రిల్ నెలాఖరులో నాన్నకు కోవిడ్ వచ్చి సాచురేషన్ పడిపోయిన రాత్రి నేను టికెట్టు కూడా చూశాను. వస్తే తిరిగి రాలేను. తిరిగి రాకపోతే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం లేకపోతే హాస్పిటల్ బిల్లు కట్టేదెవరు?

తమ్ముడు: నిన్నెవరూ తప్పు పట్టలేదక్కా.

అక్క: తప్పు పట్టారని అనడం లేదు. నువ్వు వచ్చి నిలబడబోయేది కూడా ఈ చోటే అంటున్నాను. సెమిస్టర్ మధ్యలో ఇంటికి పరిగెత్తాల్సి వస్తే ఆ సెమిస్టర్ పోయినట్టే, కట్టిన ఫీజు పోయినట్టే. ఐదు నెలలు దాటితే యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కథ మళ్లీ మొదటికొస్తుంది. అప్పటికి రూలు ఎలా మారి ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

తమ్ముడు: రూళ్లు మారతాయని ఆగేవాడు ఎప్పటికీ ఆగుతూనే ఉంటాడు. ఆగినవాళ్ల సంగతీ చూద్దాం. మన పక్క వీధి అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్. 2020 జనవరిలో సెలవులకు వచ్చాడు, తిరిగి రానివ్వలేదు. డాక్టర్ చదువు సెల్‌ఫోన్లో చదువుతున్నాడు. నా క్లాస్‌మేట్ ఆస్ట్రేలియాకు ఫీజు కట్టి కూర్చున్నాడు. ఆ దేశం 2020 మార్చిలో మూసిన సరిహద్దు ఇప్పటికీ తెరవలేదు. కెనడా ఏప్రిల్ నుంచి మన విమానాలు ఆపేసింది. పిల్లలు మూడో దేశంలో దిగి, అక్కడ టెస్టు చేయించుకుని పోతున్నారు. యూకే రెడ్ లిస్టులో పెట్టింది, దిగగానే పదిరోజులు హోటల్ క్వారంటైన్, 1,750 పౌండ్లు. అంటే లక్షా డెబ్బై, ఎనభై వేలు గదికే. వీటన్నిటిలో ఇవాళ స్టూడెంటు నేరుగా వెళ్లగలిగింది అమెరికాకే. ఇది డిసెంబరు దాకా ఇలాగే ఉంటుందని నువ్వు రాసిస్తావా?

అక్క: రాసివ్వలేను.

తమ్ముడు: అప్పుడు ఆగడం క్షేమమని ఎందుకంటున్నావు? ఆగడంలో కూడా పందెం ఉంది. పందెం కనబడదు, అంతే తేడా. ఇంకో సంగతి. నాకు వాళ్లు వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చారు. టెక్సస్‌లో దాని విలువ నీకు చెప్పక్కర్లేదు.

అక్క: తెలుసు. వెయ్యి డాలర్లిస్తే ఈ రాష్ట్రం వాళ్ల ఫీజే కడితే సరిపోతుంది.

తమ్ముడు: అది ఫాల్‌కు ఇచ్చింది. స్ప్రింగ్‌కు మారిస్తే మళ్లీ ఇస్తామని రాయమంటే, అప్పటి నిధులను బట్టి చూస్తామన్నారు. స్ప్రింగ్‌లో కొన్ని కోర్సులు మొదలే కావు. ఆరు నెలలు ఆగితే ఏం పోతుందని నువ్వు తేలిగ్గా అంటున్నావు. పోయేది ఆరు నెలలు కాదు, పది పన్నెండు లక్షలు.

అక్క: సరే, డబ్బు మాట నువ్వే ఎత్తావు కాబట్టి పూర్తిగా మాట్లాడుకుందాం. స్కాలర్‌షిప్ కలుపుకుని రెండేళ్లకు ఎంత?

తమ్ముడు: ఫీజు, రూము, తిండి, ఇన్సూరెన్సు అన్నీ కలిపి 40 వేల డాలర్లు. డాలరు 74 చొప్పున 30 లక్షలు. నా దగ్గర దాచింది టికెట్టుకు, వీసా ఫీజు 160 డాలర్లకు, సెవిస్ ఫీజు 350 డాలర్లకు, సామాన్లకు అవుతుంది. రెండు దేశాలు ఒప్పుకున్న ఎయిర్ బబుల్ విమానాలే కాబట్టి టికెట్టు మండిపోతోంది. నువ్వు ఐదు లక్షలు సర్దుతానన్నావు. 25 లక్షలు లోను.

అక్క: ఎక్కడ తీసుకుంటావు?

తమ్ముడు: బ్యాంకు. ఏడున్నర లక్షలు దాటితే తనఖా అడుగుతారు. పొలం తీసుకోరు, ఇల్లే పెట్టాలి. ప్రైవేటు ఫైనాన్సు వాళ్లు తనఖా లేకుండా ఇస్తారు గానీ పన్నెండు, పదమూడు శాతం అంటున్నారు. నాన్న ఇంకో దారి కూడా అన్నాడు. ఇంటి జోలికి పోకుండా బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తానని.

అక్క: వద్దు. ఆ మాట మళ్లీ ఎత్తనీకు. 25 లక్షలకు రెండు రూపాయలంటే నెలకు 50 వేలు వడ్డీ. నాన్న పెన్షన్ మొత్తం వడ్డీకే పోతుంది, అసలు అలాగే కూర్చుంటుంది. బ్యాంకైతే పది శాతం వేసుకో. చదివినన్నాళ్లూ వడ్డీ పెరిగి, నువ్వు బయటికొచ్చేసరికి 30 లక్షల దాకా అవుతుంది. పదేళ్లకు పెట్టుకుంటే నెలకు 40 వేలు ఈఎంఐ. ఇప్పుడు నీ చేతికొచ్చే జీతమెంత?

తమ్ముడు: ఏడాదికి మూడున్నర లక్షలు. చేతికి 27 వేలు.

అక్క: చూశావా. నెలకు 540 డాలర్లు ఇక్కడ సంపాదించేవాడికి పెద్ద లెక్క కాదు. ఇక్కడికొచ్చి ఉద్యోగం దొరక్క తిరిగి వెళ్లినవాడికి అది జీతాన్ని మించిన అప్పు. కాబట్టి నువ్వు చదువుకు అప్పు చేయడం లేదు. చదువయ్యాక పని చేయనిచ్చే ఓపీటీ మీద, ఆ తర్వాత హెచ్1బీ లాటరీ మీద ఇల్లు పెడుతున్నావు. ఓపీటీ ఒక ఏడాది, నీది స్టెమ్ కోర్సు కాబట్టి ఇంకో రెండేళ్లు. ఓపీటీ మొదలయ్యాక 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. లాటరీలో సీట్లు 85 వేలు, ఈ ఏడాది పడ్డ పేర్లు 3 లక్షల పైచిలుకు. లాటరీ తీసేసి జీతం ఎక్కువున్నవాళ్లకే ముందు ఇస్తామని జనవరిలో ఒక రూలు తెచ్చి, డిసెంబరు 31 దాకా వాయిదా వేశారు. అది అమలైతే కొత్తగా చేరే నీలాంటివాళ్లు అందరికంటే వెనకుంటారు.

తమ్ముడు: నువ్వు వచ్చినప్పుడు ఇవేవీ లేవా? లాటరీ లేదా? 2016లో నాన్న నీకు ఇల్లు తనఖా పెట్టలేదా?

అక్క: పెట్టాడు. అప్పుడు ఇంట్లో నువ్వున్నావు. నాన్నకు ఉద్యోగం ఉంది.

తమ్ముడు: ఇంకో ప్రశ్న. 2014లో నువ్వు ఐటీలో చేరినప్పుడు నీ ప్యాకేజీ ఎంత?

అక్క: మూడు లక్షల ముప్పై వేలు అనుకుంటా.

తమ్ముడు: ఏడేళ్ల తర్వాత నాదీ అంతే. మధ్యలో గుంటూరులో స్థలాల ధరలు ఎంత పెరిగాయి, అద్దెలు ఎంత పెరిగాయి, బియ్యం బస్తా ఎంత పెరిగింది? ఫ్రెషర్ జీతం మాత్రం అక్కడే ఉంది. ఇక్కడ ఉండిపోవడం కూడా ఊరికే రాదు. అదీ నెలనెలా కట్టే ఈఎంఐ లాంటిదే, రసీదు ఇవ్వరంతే.

అక్క: ఈ ఏడాది అక్కడి కంపెనీలు జీతాలు పెంచుతున్నాయి. మనుషులు నిలబడటం లేదని వాళ్లే గోల పెడుతున్నారు. అనుభవం వచ్చింది, కంపెనీ మారితే రెట్టింపు వస్తుంది. ఇంటి నుంచే చేయొచ్చు. ఆరు నెలల్లో ఆ డబ్బు దాచి రా.

తమ్ముడు: ఇక్కడ మార్కెట్ బాగుంటే అక్కడ ఇంకా బాగుంటుంది. దిగువలో ఉన్నప్పుడు చదువులో చేరి, లేచేటప్పుడు బయటికి రావాలి. 2009లో చేరినవాళ్లు 2011లో బయటికొచ్చారు, నిలదొక్కుకున్నారు. 2009లో బయటికొచ్చినవాళ్లే నలిగిపోయారు. నేను 2023లో బయటికొస్తాను.

అక్క: 2023లో మార్కెట్ ఎలా ఉంటుందో ఇవాళ ఉద్యోగాలిస్తున్నవాళ్లకే తెలియదు. నా కంపెనీలోనే చూస్తున్నాను, అవసరం ఉందో లేదో చూడకుండా ఎడాపెడా తీసుకుంటున్నారు. ఎడాపెడా తీసుకున్నవాళ్లు ఒక రోజు ఎడాపెడా తీసేస్తారు. నువ్వు లెక్క వేస్తున్నది నిరుటి పడిపోవడాన్ని చూసి. నువ్వు బయటికొచ్చే రోజుకు ఇంకో పడిపోవడం సిద్ధంగా ఉండొచ్చు.

తమ్ముడు: ఉండొచ్చు. ఉండకపోవచ్చు. అందుకే నా లెక్కలో 25 లక్షలు ఒకేసారి తీసుకోవడం లేదు. బ్యాంకు సెమిస్టర్ సెమిస్టర్‌కు విడుదల చేస్తుంది. మొదటి సెమిస్టర్‌కు ఏడున్నర లక్షలు. అక్కడికొచ్చాక ఇది కుదరదనిపించి డిసెంబరులో వెనక్కి వచ్చేస్తే, నా మీద ఉండేది ఆ ఏడున్నరే. నెలకు పదివేలు. ఈ జీతంతో కూడా కట్టగలను. బయట తెచ్చిన రెండు రూపాయల అప్పుకు ఆ వీలు లేదు, మొత్తం ఒకేసారి నెత్తిమీద పడుతుంది. అందుకే నేను కూడా వద్దన్నాను.

అక్క: ఇది మాత్రం నువ్వు సరిగ్గా ఆలోచించావు. అయితే ఇల్లు ఇప్పుడే ఎందుకు పెట్టాలి? ఏడున్నర లక్షల దాకా గ్యారంటీ ఇస్తే చాలు, తనఖా అక్కర్లేదన్నావు. మొదటి సెమిస్టర్ దాంతో కానీ. వీసా ఆఫీసరుకు ఏడాది ఖర్చు చూపించాలి కాబట్టి మిగతాది నా అకౌంట్‌తో, స్పాన్సర్ అఫిడవిట్‌తో చూపిద్దాం. ఇంటి కాగితాలు జనవరి దాకా బీరువాలోనే ఉండనీ.

తమ్ముడు: అంటే ఆగస్టులో రావడానికి ఒప్పుకున్నట్టేనా?

అక్క: ఒప్పుకోలేదు. నువ్వు వస్తే ఎలా రావాలో చెబుతున్నాను. రావాలా వద్దా అన్నది డబ్బు దగ్గర తేలదు.

తమ్ముడు: మరి ఎక్కడ తేలుతుంది? ఇందాకటి నుంచి ఒక్కో కారణం చెబుతున్నావు, ఒక్కోదానికీ సమాధానం ఇస్తున్నాను. ఇంకో కారణం వస్తూనే ఉంది. అసలుది చెప్పక్కా.

అక్క: చెబితే నీకు నచ్చదు.

తమ్ముడు: చెప్పు.

అక్క: ఏప్రిల్ నెలాఖరులో నువ్వు ఆ ఇంట్లో లేకపోతే ఏం జరిగేది?

తమ్ముడు: నువ్వు రాలేకపోయావు కాబట్టి నేను ఉండిపోవాలా?

అక్క: నచ్చదన్నాను కదా.

తమ్ముడు: నచ్చడం గురించి కాదు. నువ్వు 2016లో వెళ్లావు. ఆ రోజు నన్నెవరూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ లేదు. ఇంట్లో ఒక్కరికే వెళ్లే వంతుంటే, ముందు పుట్టినవాళ్లకే అది దక్కితే, రెండోవాడు కాపలాకు పుట్టినట్టేనా?

అక్క: ఆ మాట నాలో నేనే చాలాసార్లు అనుకున్నాను. సమాధానం దొరకలేదు. కానీ నా ప్రశ్నకు కూడా నువ్వు సమాధానం చెప్పలేదు. 104 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, ఎత్తకపోతే బండేసుకుని గుంటూరంతా తిరిగి బెడ్ పట్టింది నువ్వు. అడ్మిషన్ కాగితం మీద సంతకం నువ్వు పెట్టావు. సిలిండర్ మోసింది నువ్వు. కర్ఫ్యూలో మందులు తెచ్చింది నువ్వు. నేను ఇక్కడి నుంచి ఏం చేశాను? డబ్బు పంపాను, వాట్సాప్ గ్రూపుల్లో నంబర్లు వెతికి నీకు పంపాను. వాటిలో సగం అప్పటికే పనిచేయడం లేదు.

తమ్ముడు: నీకు అక్కడి నుంచి కనబడింది అది. నాకు ఇక్కడ కనబడింది వేరు. బెడ్ దొరికింది నా తిరుగుడు వల్ల కాదు. నాన్న దగ్గర చదువుకున్న ఒకాయన ఆ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాడు, ఆయన ఫోన్ చేసి చెప్పాడు. రాత్రుళ్లు అమ్మ దగ్గర పడుకుంది పిన్ని. వాళ్లబ్బాయి నాతో పాటు తిరిగాడు. నువ్వు పంపిన డబ్బు లేకపోతే అడ్వాన్సు కట్టలేక గేటు దగ్గరే ఆగిపోయేవాళ్లం. నాలాగే నువ్వు కూడా ఇక్కడే మూడున్నర లక్షల జీతంలో ఉంటే, ఆ రాత్రి ఇద్దరం గేటు బయటే కూర్చునేవాళ్లం. ఆ ఇంటికి మనిషీ కావాలి, డబ్బూ కావాలి.

అక్క: ఇప్పుడు డబ్బు నేను పంపుతున్నాను. మనిషి వెళ్లిపోతున్నాడు.

తమ్ముడు: మనిషి ఎప్పుడూ నేనే అయి ఉండాలా?

అక్క: కనీసం టీకాలయ్యేదాకా అంటున్నాను. లెక్క చూడు. నాన్న మార్చిలో మొదటి డోసు వేయించుకున్నాడు, రెండోదానికి ముందే కోవిడ్ వచ్చింది. తగ్గాక మూడు నెలలకు గానీ వేయరు. అంటే ఆగస్టు మధ్య. అమ్మకు రెండో డోసు 84 రోజులకు, అదీ ఆగస్టే. నువ్వు సరిగ్గా ఆ రోజుల్లో విమానం ఎక్కుతానంటున్నావు. థర్డ్ వేవ్ తప్పదని కేంద్రం సలహాదారు విజయరాఘవన్ మే 5న చెప్పారు. ఎప్పుడో చెప్పలేమన్నారు.

తమ్ముడు: రెండు రోజులయ్యాక ఆయనే, గట్టి జాగ్రత్తలు తీసుకుంటే రాకపోవచ్చని కూడా అన్నారు. మనకు కావాల్సిన సగాన్ని మనం పట్టుకుంటున్నాం. నువ్వు మొదటి సగం, నేను రెండో సగం.

అక్క: రెండూ పెట్టుకునే ఆలోచిద్దాం. రాకపోతే మంచిదే. వస్తే? అక్టోబరులో వచ్చిందనుకో. నీకు మిడ్‌టర్మ్స్. ఏం చేస్తావు?

తమ్ముడు: ముందు ఇక్కడ చేయగలిగినవి చేస్తాను. పిన్ని వాళ్లు కింద పోర్షన్‌లోకి మారతామన్నారు, మాట్లాడాను. అద్దె వద్దని నాన్న చెప్పాడు. ఆక్సీమీటర్, కాన్సన్‌ట్రేటర్ ఇంట్లో ఉంటాయి. నాన్న రిపోర్టులన్నీ ఒక ఫైలు చేసి పిన్ని వాళ్లబ్బాయికి ఇస్తాను. బ్యాంకు అకౌంట్లో వాడి చేతికి అందేలా డబ్బు ఉంచుతాను. డాక్టరు నంబరు, మెడికల్ షాపు నంబరు, అన్నీ. నాన్న రెండో డోసు తేదీ చూసి, వీలైతే ఆ మర్నాడు టికెట్టు తీసుకుంటాను. యూనివర్సిటీకి రాసి, క్లాసులు మొదలయ్యాక ఎన్ని రోజుల దాకా చేరొచ్చో కనుక్కుంటాను. వారం పది రోజులు ఇస్తారని సీనియర్లు చెప్పారు.

అక్క: అది రాతలో తెప్పించుకో. ఫీజు ఏ తేదీలోపు వెనక్కిస్తారో అది కూడా. ఉద్యోగానికి రాజీనామా మాత్రం వీసా స్టాంపు పడేదాకా ఇవ్వొద్దు.

తమ్ముడు: ఇవ్వను. నోటీసు కాలం రెండు నెలలు, సర్దుబాటు చేయమని మేనేజరుతో మాట్లాడతాను.

అక్క: నేనడిగింది వేరు. ఇవన్నీ పెట్టాక కూడా, పిన్ని వాళ్లు ఉన్నాక కూడా, నాన్నకు మళ్లీ అలా అయితే నువ్వు వస్తావా?

తమ్ముడు: నువ్వు రాలేకపోయావు కదా. నన్నెందుకు అడుగుతున్నావు?

అక్క: నేను రాలేకపోయాను కాబట్టే అడుగుతున్నాను. 2016లో బయల్దేరేటప్పుడు, ఏమన్నా అయితే ఒక్క రోజులో వచ్చేస్తానని నాన్నకు చెప్పాను. అప్పుడది అబద్ధం కాదు. విమానాలున్నాయి, స్టాంపు ఉంది. నీకా వెసులుబాటు లేదు. రాలేకపోవచ్చని నువ్వు తెలిసి బయల్దేరుతున్నావు. నీకూ నాకూ అదొక్కటే తేడా.

తమ్ముడు: రానని చెప్పడం లేదు. తప్పకుండా వస్తానని మాట ఇవ్వలేను. సెమిస్టర్ పోతే పోయిందని వచ్చేస్తానని ఇప్పుడు అనొచ్చు, తేలికే. ఆ రోజు విమానాలు ఉంటాయో లేదో, తిరిగి రానిస్తారో లేదో. ఇవ్వలేని మాట ఎందుకివ్వాలి?

అక్క: సరే. ఆగమని ఇక అడగను. స్ప్రింగ్ అయితేనే మేలని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది, అది మారలేదు. కానీ నువ్వు నాతో ఇప్పుడన్న మాటను ఇంటర్వ్యూకు చెన్నై వెళ్లేలోపల ఇంట్లో చెప్పు. సరిగ్గా ఇదే మాట. టీకా అయ్యాక వెళ్తాను, ఇల్లు జనవరి దాకా తనఖా పెట్టొద్దు, మీకేమన్నా అయితే రాలేకపోవచ్చు అని. స్టాంపు పడ్డాక చెబితే వాళ్లకు సరే అనడం తప్ప ఇంకేం మిగలదు.

తమ్ముడు: నాన్న ఏమంటాడో తెలుసు. నేను నోరు తెరవకముందే, వెళ్లరా, మా సంగతి మేం చూసుకుంటాం అంటాడు.

అక్క: అమ్మ?

తమ్ముడు: అమ్మ నాతో ఈ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు. ఏం కావాలో చేసిపెడుతోంది, పచ్చళ్లు ఎన్ని కిలోలు తీసుకెళ్లనిస్తారని అడుగుతోంది, అంతే.

అక్క: నేనెళ్లేటప్పుడూ అంతే. వెళ్లనా వద్దా అని నేను నాన్ననే అడిగాను, అమ్మను అడగలేదు. నువ్వు అమ్మతో మొదలుపెట్టు. నాన్న ఆ గదిలో లేనప్పుడు.